పికప్ ట్రక్కులో కార్పెట్ మార్చేముందు

అమెరికా వచ్చిన మనవాళ్లు ముందు కొనేది క్యామ్రీయో అకార్డో. కొన్నాళ్లకు ఊరి చివర ఇల్లు తీసుకుని, హోమ్ డిపో నుంచి చెక్కలూ మట్టి బస్తాలూ మోయాల్సి వచ్చాక పికప్ ట్రక్కు మీదికి మనసు పోతుంది. ఇక్కడ అది రైతుల బండి మాత్రమే కాదు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి ఈ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడవుతున్న ట్రక్కు. అందువల్ల పాతవి కూడా విరివిగా దొరుకుతాయి. పదిహేనేళ్ల బండైనా చాలాసార్లు ఇంజిన్ గట్టిగానే ఉంటుంది. డ్రైవరు మడమ ఆనే చోట కార్పెట్ మాత్రం చిల్లుపడి, పీచు లేచి, తలుపు తీయగానే ముక్క వాసన కొడుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో అయితే బండి వదిలేసి టీ తాగి రావచ్చు. ఇక్కడ షాపులో కూలి గంటకు వంద డాలర్లు దాటడం మామూలే. పైగా ఇది సీట్లన్నీ విప్పాల్సిన పని, గంటలు పెరుగుతాయి. బండి నేలకు తగ్గట్టు అచ్చు పోసిన కార్పెట్ కిట్ మాత్రం చాలా మోడళ్లకు 150 నుంచి 300 డాలర్లలో వస్తుంది. ఇంజిన్‌తోనూ బ్రేకులతోనూ సంబంధం లేదు కాబట్టి, పానా పట్టి ఎరగనివాళ్లు మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి పని లేదని నా అభిప్రాయం.

చోటు సంగతి ముందు తేల్చుకోండి. చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో బండి రిపేరు చేయకూడదన్న షరతు ఉంటుంది. సొంత ఇల్లయినా, సీట్లు తీసి రెండు రోజులు డ్రైవ్‌వేలో ఉంచితే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నుంచి ఉత్తరం రావచ్చు. గ్యారేజీ ఉన్న స్నేహితుణ్ణి బతిమాలుకోవడం మేలు. ఇంకో మాట: పని చేతికొచ్చాక నలుగురూ అడుగుతారు. ఎఫ్-1, హెచ్-1బి వీసాల మీద ఉన్నవాళ్లు డబ్బు తీసుకుని ఇంకొకరి బండి బాగుచేస్తే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. మీ బండి మీరు చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

కిట్ ఆర్డరు చేసేటప్పుడు సంవత్సరం, మోడల్ చెబితే చాలదు. రెండు తలుపులదా, వెనక చిన్న సీటున్న ఎక్స్‌టెండెడ్ క్యాబా, నాలుగు తలుపుల క్రూ క్యాబా? గేరు స్టీరింగ్ పక్కన ఉందా, నేల మీద ఉందా? ఫోర్ వీల్ డ్రైవ్ లీవరు నేలలోంచి వస్తుందా? వీటిని బట్టి అచ్చు మారుతుంది. ఈ కార్పెట్లు పోసే పేరున్న కంపెనీల్లో అలబామా రాష్ట్రం ఆనిస్టన్‌లోని ఆటో కస్టమ్ కార్పెట్స్ ఒకటి. కొద్దిగా ఎక్కువ పెడితే వెనక బరువైన రబ్బరు పొర ఉన్నది ఇస్తారు, రోడ్డు చప్పుడు తగ్గుతుంది. మిషిగన్, ఒహాయో వైపు ఉండేవాళ్లు మాత్రం వినైల్ నేల గురించి ఆలోచించండి. చలికాలంలో బూట్లతో లోపలికొచ్చే ఉప్పు నీళ్లు కార్పెట్‌లోకి ఇంకిపోతాయి. వినైల్ అయితే గుడ్డతో తుడిస్తే పోతుంది. పనికి వాడే ట్రక్కులు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే వినైల్‌తో వస్తాయి.

పనిముట్లు కొనేయకండి. ఆటోజోన్ లాంటి దుకాణాల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, తిరిగిచ్చేటప్పుడు డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. సీటు బోల్టులకు మిల్లీమీటర్ల సాకెట్లు, సీటు బెల్టు బోల్టులకు నక్షత్రం తల టార్క్స్ బిట్లు, పొడుగు పిడి రెంచి, టార్క్ రెంచి కావాలి. ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పే రిపేరు మాన్యువళ్లు చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీ కార్డు మీద ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. సీట్లు బయట ఉన్నంతసేపు తాళం తిప్పకూడదు. తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, చాలా బండ్లలో స్కానర్ పెడితే తప్ప ఆరదు. సీట్లు బరువు, ఇద్దరు పట్టాలి. తుప్పుపట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే నూనె కొట్టి ఉంచండి. గడపల దగ్గరి ప్లాస్టిక్ పట్టీలు క్లిప్పులతో ఉంటాయి, మెల్లగా పైకి లాగితే వస్తాయి. చలిలో మాత్రం పుటుక్కున విరుగుతాయి. ఈ పని వేసవిలో పెట్టుకోమనడానికి అదో కారణం.

పాత కార్పెట్ లేపాక అసలు సంగతి బయటపడుతుంది. దాని కింద పీచు నొక్కి చేసిన మందపాటి మెత్త ఉంటుంది. పైన కార్పెట్ పొడిగా కనిపిస్తున్నా ఆ మెత్త నెలల తరబడి నీళ్లు పట్టుకుని ఉండగలదు. చేత్తో పిండి చూడండి. తడిగా ఉంటే కొత్త కార్పెట్ పెట్టెలోనే ఉండనివ్వండి, ముందు నీళ్లెక్కడివో తేల్చాలి. పక్క సీటు వైపు వాసన లేని నీళ్లుంటే ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే హీటరు కోర్ నుంచి కూలెంట్ కారుతోందన్నమాట, అది మెకానిక్ పని. వెనక సీటు దగ్గర తడైతే క్యాబ్ పైన ఉండే మూడో బ్రేకు లైటు, వెనక జరిపే అద్దం అనుమానించాలి. పికప్పుల్లో ఈ రెండు చోట్లా రబ్బరు ఎండిపోయి వాన నీళ్లు దిగడం సర్వసాధారణం. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోండి, ఇంకొకరు గొట్టంతో కింది నుంచి మొదలుపెట్టి పైకి నీళ్లు పట్టండి. పైనుంచి మొదలుపెడితే ఏ సందులోంచి వస్తోందో తెలీదు.

తరవాత నేలను ఫ్యాను పెట్టి ఎండనివ్వాలి. పైపై తుప్పును ఇనుప బ్రష్‌తో గీకి, తుప్పు మందు రాసి, ప్రైమరూ పెయింటూ వేస్తే సరిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడిందంటే వెల్డింగు కావాలి. తుప్పు మీద చప్పుడు తగ్గించే అంటు షీట్లు వేసి కప్పేయడం అన్నిటికన్నా చెడ్డ పని.

కొత్త కార్పెట్ పెట్టెలో మడతలు పడి వస్తుంది. కొన్ని గంటలు ఎండలో పరిస్తే ఆకారంలోకి వస్తుంది. మధ్యలో ఎత్తుగా ఉండే భాగం మీద ముందు కూర్చోబెట్టి, అక్కడి నుంచి పక్కలకు సర్దుకుంటూ పోవాలి. బోల్టు రంధ్రాలు ఉండవు, మీరే కోయాలి. కింద వేలితో తడిమి చోటు పట్టుకుని, బ్లేడుతో చిన్న ఇంటూ గుర్తులా కోస్తే చాలు. డ్రిల్లు పెట్టకండి. పోగు దానికి చుట్టుకుని, బారునా ఊడిపోతుంది. అంచులు కత్తిరించే పని చివరికి ఉంచుకోండి, ఎక్కువైనది తీయగలం కానీ తక్కువైనది అతకలేం. సీటు బెల్టు బోల్టులను ముందు చేత్తోనే తిప్పి ఎక్కించి, తరవాత టార్క్ రెంచితో మాన్యువల్ ప్రకారం బిగించండి. ఈ మొత్తం పనిలో ప్రాణానికి సంబంధించినది అదొక్కటే అనుకోవద్దు, ఇంకొకటుంది.

అది యాక్సిలరేటర్. కొత్త కార్పెట్ పాతదానికన్నా మందంగా ఉంటే పెడల్ కింద ఇరుక్కోవచ్చు. బండి స్టార్ట్ చేయకుండా పూర్తిగా నొక్కి వదిలి చూడండి, తటాలున పైకి రావాలి. మ్యాట్‌ను పట్టి ఉంచే కొక్కేలు పాత కార్పెట్ నుంచి తీసి తప్పకుండా మళ్లీ బిగించండి. మ్యాట్ జారి పెడల్‌ను పట్టేస్తోందని 2009లో టొయోటా లక్షల బండ్లను రీకాల్ చేసింది. వాటిలో టకోమా, టండ్రా పికప్పులూ ఉన్నాయి. మ్యాట్ మీద మ్యాట్ వేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, మానుకోండి.

రేపు మీరే ఈ బండి అమ్మాల్సి వస్తే, పాత ట్రక్కులో కొత్త కార్పెట్ చూసి కొనేవాడు అనుమానపడతాడు. 2017లో హ్యూస్టన్‌ను హార్వీ తుఫాను ముంచినప్పుడు వేల బండ్లు నీళ్లలో నానాయి, అలాంటివి లోపల శుభ్రం చేసి వేరే రాష్ట్రాల్లో అమ్మడం ఇక్కడ పాత మోసం. మీరు కొనేటప్పుడూ బీమా మోసాలను వెతికే ఎన్‌ఐసీబీ సంస్థ వారి ఉచిత విన్‌చెక్‌లో బండి విన్ నంబరు కొట్టి, కార్పెట్ అంచు ఎత్తి చూడండి. అమ్మేటప్పుడు చూపించడానికి నేల ఫొటోలు తారీఖుతో తీసి, కిట్ రసీదుతో పాటు గ్లవ్ బాక్సులో పెట్టుకోండి.