రెండు ద్వారాలు, ఒకే భూమి: ఉపగ్రహ అంతర్జాలం ఉన్న ఇంటికి ఉరుముల కాలపు పాఠం

మార్చి చివరి నుంచి మే నెల వరకు బెంగళూరులో అనేక సాయంకాలాలు ఉరుములతో ముగుస్తాయి. మామిడి జల్లులని పేరొందిన ఈ వానలు ఎండ తాపాన్ని తీరుస్తాయి గాని, వెంట మెరుపులను కూడా తెస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో మరల ఉరుముల వానలు వస్తాయి. కన్నడ వార్తలలో ‘సిడిలు’ అన్న మాట వినబడితే అది మన పిడుగేనని గ్రహించాలి.

నగరపు అంచులలో, ఫైబర్ తీగ ఇంకా చేరని లేఅవుట్లలో, మేడ మీద డిష్ అమర్చుకొని ఉపగ్రహం ద్వారా అంతర్జాలం పొందే ఇళ్లు ఉన్నాయి. పిల్లల చదువు, ఇంటి నుంచి చేసే ఉద్యోగం, ఊరిలో ఉన్న తల్లిదండ్రులతో మాట, అన్నీ ఆ డిష్ నుంచి దిగివచ్చే ఒకటి రెండు తీగల మీద ఆధారపడి ఉంటాయి. అటువంటి ఇంటివారు సాధారణంగా ఒక స్పైక్ గార్డు కొని, మోడెంను దానికి తగిలించి, ఇక భయం లేదనుకుంటారు. ఆ నమ్మకం సగమే నిజం. మిగిలిన సగం ఏమిటో తెలుపుటయే ఈ పాఠం ఉద్దేశం. ఇందులో చెప్పిన విషయాలు డిష్ టీవీ ఉన్న ఇళ్లకు కూడా వర్తిస్తాయి.

1. మేడ నుంచి మోడెం వరకు

భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. 2018లో ప్రయోగించిన మన జీశాట్-11, జీశాట్-29 ఉపగ్రహాలు ఈ కోవలోనివే. అక్కడి నుంచి వచ్చే బలహీనమైన తరంగాలను డిష్ ఒకచోటికి చేరుస్తుంది. డిష్ ముందున్న చిన్న పరికరం వాటిని తక్కువ పౌనఃపున్యానికి మార్చి తీగలోనికి పంపుతుంది. ఇంటి నుంచి ఉపగ్రహానికి సంకేతాన్ని పంపే పరికరం కూడా అక్కడే ఉంటుంది.

ఈ పరికరాలను, గదిలోని మోడెంను కలిపేది కోయాక్సియల్ తీగ. దాని నడుమ ఒక లోహపు తీగ, దాని చుట్టూ తెల్లని నురగ వంటి పొర, ఆపైన లోహపు రేకు, అల్లిక, అన్నింటికీ పైన నల్లని తొడుగు ఉంటాయి. సంకేతం మాత్రమే కాక, మేడ మీది పరికరాలకు కావలసిన విద్యుత్తు కూడా ఇదే తీగ గుండా వెళుతుంది. కనుక మోడెం ప్లగ్గు తీయకుండా ఈ తీగ మరను విప్పరాదు.

భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే ఉపగ్రహాల సేవలలో కోయాక్సియల్ తీగకు బదులు నెట్‌వర్క్ తీగ వంటిది వాడటం కూడా ఉంది. తీగ మారినా, మేడ మీది లోహాన్ని గదిలోని పరికరానికి కలిపే దారి అన్న విషయం మారదు.

2. సర్జ్ అంటే ఏమిటి

మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. ఏదో ఒక కారణం చేత అది సెకనులో అత్యల్ప భాగం పాటు వందల, వేల వోల్టులకు పెరిగి పడిపోవడాన్ని సర్జ్ అంటారు. తీరవాసులకు ఉప్పెన తెలుసు. అది నిత్యం వచ్చే కెరటం వంటిది కాదు. ఒక్కసారి వచ్చి గట్టును దాటి పోతుంది. సర్జ్‌ను విద్యుత్తులో వచ్చే ఉప్పెన అనుకుంటే సరిపోతుంది.

దీనికి పిడుగు ఒక్కటే కారణం కాదు. పెద్ద మోటార్లు ఆగినప్పుడు, పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు కూడా చిన్న సర్జ్‌లు వస్తాయి. అయితే పిడుగు ఇంటి మీదనే పడనక్కరలేదు. సమీపంలో పడినా, దాని ప్రభావం వలన మేడ మీది తీగలలోనూ వీధి తీగలలోనూ విద్యుత్తు పుడుతుంది. పిడుగులో ప్రవహించే విద్యుత్తు వేల ఆంపియర్లలో, తరచు 30,000 ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. నేరుగా పడిన పిడుగును తట్టుకొనగల ప్లగ్గు పట్టీ ఏదీ అంగడిలో దొరకదు. సర్జ్ ప్రొటెక్టర్ పని దూరపు పిడుగుల నుంచి, వీధి తీగలలోని ఒడుదొడుకుల నుంచి కాపాడటమే.

3. ప్రొటెక్టర్ ఎట్లా పనిచేస్తుంది

దాని లోపల జింక్ ఆక్సైడ్‌తో చేసిన నాణెం వంటి బిళ్ల ఉంటుంది. వోల్టేజి మామూలుగా ఉన్నంతసేపు అది మూసిన తూము. వోల్టేజి హద్దు దాటగానే అది తెరుచుకొని, మిగులు విద్యుత్తును పక్కకు, అంటే ఎర్త్ తీగలోనికి మళ్లిస్తుంది. ఉప్పెన తగ్గగానే తిరిగి మూసుకుంటుంది.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, తూము తెరుచుకున్నా నీరు పోవడానికి కాలువ ఉండాలి. ప్లగ్గులో ఎర్త్ లేకపోతే ఫేజ్, న్యూట్రల్ తీగల నడుమ మాత్రమే కొంత రక్షణ మిగులుతుంది. భూమికి పోవలసిన భాగానికి దారి ఉండదు.

రెండవది, ఆ బిళ్ల ప్రతి ఉప్పెనతోనూ కొంత అరుగుతుంది. పట్టీ మీద ‘ప్రొటెక్టెడ్’ అని ఉండే చిన్న దీపం ఆరిపోతే, ప్లగ్గులు పనిచేస్తున్నా రక్షణ ముగిసినట్లే. దానిని మార్చాలి.

మూడవది, అది స్టెబిలైజర్ కాదు. వీధిలో న్యూట్రల్ తీగ తెగితే ఇంటిలోనికి 400 వోల్టుల వరకు వచ్చి అట్లాగే నిలిచిపోవచ్చు. అది క్షణకాలపు ఉప్పెన కాదు, నిలిచిన వరద. దానిని సర్జ్ ప్రొటెక్టర్ ఆపలేదు. పైగా తానే వేడెక్కి కాలిపోగలదు. దీపాలు అసాధారణమైన వెలుగుతో వెలిగితే వెంటనే మెయిన్ స్విచ్ ఆపి, విద్యుత్ సరఫరా సంస్థకు 1912 నంబరులో తెలియజేయాలి.

4. మరచిపోయిన రెండవ ద్వారం

గోడలోని ప్లగ్గు మోడెంకు ఒక ద్వారం. కోయాక్సియల్ తీగ రెండవ ద్వారం. మొదటి దానికి మాత్రమే కాపలా పెట్టి రెండవ దానిని తెరిచి ఉంచితే ఏమవుతుందో చూడండి.

సమీపంలో పిడుగు పడినప్పుడు డిష్ గొట్టం, కోయాక్సియల్ తీగ మీది అల్లిక ఒక వోల్టేజి వద్ద ఉంటాయి. గదిలోని ప్లగ్గు ఎర్త్ మరొక వోల్టేజి వద్ద ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్నది మోడెం ఒక్కటే. తేడా ఎంత ఉంటే అంతా మోడెం గుండానే ప్రవహిస్తుంది. మోడెంకు నెట్‌వర్క్ తీగతో కలిపిన కంప్యూటరు కూడా దానితో పాటు పోవచ్చు. స్పైక్ గార్డు ఎంత ఖరీదైనదైనా, తన గుండా రాని విద్యుత్తును అది ఆపజాలదు.

డిష్ పక్కన విడిగా ఒక ఇనుప కడ్డీ పాతి, దానికి మాత్రమే తీగ కట్టి ఊరుకోవడం కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. ఇది సగం మేలు, సగం కీడు. రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉన్నప్పుడు, పిడుగు సమయంలో వాటి మధ్యనే వేల వోల్టుల తేడా ఏర్పడగలదు. కనుక అసలు సూత్రం ఇది: రెండు ద్వారాలూ ఒకే భూమికి కలవాలి. డిష్ గొట్టం, కోయాక్సియల్ తీగ అల్లిక, మెయిన్ బోర్డు, ఇవన్నీ మందమైన రాగి తీగతో, వీలైనంత దగ్గరి దారిలో, ఒకే ఎర్తింగ్ వ్యవస్థకు కలిసి ఉండాలి. అప్పుడు ఉప్పెన వచ్చినా అన్నీ కలిసి లేచి కలిసి దిగుతాయి. నడుమ తేడా పెరగదు.

ఈ ద్వారం లోపలి నుంచి బయటకు కూడా తెరుచుకుంటుంది. గదిలోని మోడెంలోనో టీవీలోనో ఇన్సులేషన్ చెడి ఫేజ్ తీగ లోహానికి తగిలిందనుకోండి. ఎర్త్ లేని ఇంటిలో ఆ విద్యుత్తు కోయాక్సియల్ తీగ అల్లిక మీదుగా మేడ మీది డిష్‌కు చేరుతుంది. తడి బట్టలు ఆరవేయడానికి వెళ్లినవారు ఆ గొట్టాన్ని పట్టుకుంటే ప్రాణమే పోవచ్చు. మోడెం కొన్ని వేల రూపాయల వస్తువు. ఎర్తింగ్ కాపాడేది దానిని మాత్రమే కాదు. కోయాక్సియల్ తీగ మరను తాకినప్పుడు చేతికి సన్నగా జివ్వుమనిపిస్తే, ఎర్త్ సరిగా లేదనడానికి అది తరచు మొదటి సూచన.

5. ఏమి కొనాలి, ఎట్లా అమర్చాలి

ప్లగ్గు పట్టీ: 230 లేక 240 వోల్టులకు తయారైనదే కొనాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 వోల్టుల ప్రొటెక్టరును ఇక్కడి ప్లగ్గులో పెడితే అది కాలిపోతుంది. పెట్టె మీద జూళ్ల సంఖ్య ఎంత ఎక్కువ ఉంటే బిళ్లకు అంత ఓర్పు ఉన్నట్లు. ఒక పట్టీకి మరొక పట్టీని తగిలించరాదు. ఇస్త్రీపెట్టె, హీటరు వంటివి మోడెం ఉన్న పట్టీకి పెట్టరాదు. సొంత ఇల్లు అయితే మెయిన్ బోర్డులోనే సర్జ్ రక్షణ పరికరాన్ని, దానితో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీని అమర్చుకోవడం మేలు. మొదటిది వస్తువుల రక్షణకు, రెండవది మనుషుల రక్షణకు.

కోయాక్సియల్ తీగ: ఆర్‌జీ-6 రకం, 75 ఓముల తీగ సాధారణంగా వాడుకలో ఉన్నది. నడిమి తీగ పూర్తిగా రాగిది అయితే మేడ మీది పరికరాలకు విద్యుత్తు తక్కువ నష్టంతో చేరుతుంది. తీగ పొడవు పెరిగేకొలది సంకేతం క్షీణిస్తుంది. 1,000 మెగాహెర్ట్‌జ్ వద్ద 100 మీటర్లకు సుమారు 20 డెసిబెల్ నష్టం ఉంటుంది. అంటే 30 మీటర్ల తీగలోనే శక్తి నాలుగవ వంతుకు పడిపోతుంది. కనుక అనవసరమైన చుట్టలు, అతుకులు ఉండరాదు.

తీగ గోడలోనికి ప్రవేశించే ముందు కొంచెం కిందికి వంగి తిరిగి పైకి లేచేటట్లు అమర్చాలి. అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లోపలికి రాదు. బయటి మరల మీద వాన నీటిని ఆపే టేపు చుట్టాలి. అల్లిక పచ్చబడితే నీరు చేరినట్లే. ఆ తీగను మార్చాలి.

తీగకు రక్షణ: గోడలోనికి వచ్చే చోట అల్లికను ఎర్త్‌కు కలిపే చిన్న లోహపు బ్లాకు ఉండాలి. ఇది అల్లికను మాత్రమే కాపాడుతుంది. నడిమి తీగను కూడా కాపాడాలంటే కోయాక్సియల్ సర్జ్ అరెస్టర్ కావాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు. కేబుల్ టీవీ కొరకు చేసిన అరెస్టర్ 1,000 మెగాహెర్ట్‌జ్ వరకే పనికివస్తుంది. ఉపగ్రహ సంకేతం తీగలో సాధారణంగా 950 నుంచి 2,150 మెగాహెర్ట్‌జ్ మధ్య ప్రయాణిస్తుంది. ఆ పరిధిని దాటనిచ్చేది, మేడ మీదికి పోయే విద్యుత్తును అడ్డగించనిది మాత్రమే కొనాలి. కొన్ని ప్లగ్గు పట్టీలకే కోయాక్సియల్ రంధ్రాలు ఉంటాయి. వాటికి కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. అమర్చే ముందు సేవాసంస్థ సాంకేతిక నిపుణుని అడిగి తీరాలి.

6. అద్దె ఇంటివారికి

మన పాఠకులలో అధికులు అద్దె ఇళ్లలో ఉంటారు. మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్లు కాదు. పైనున్న పెద్ద రంధ్రం వెనుక తీగే లేని ఇళ్లు ఉన్నాయి. అర్హత గల ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, “అర్తింగ్ ఇదెయా, చెక్ మాడి” అని కన్నడంలో అడగండి. ఎర్తింగ్ ఉన్నదా, పరీక్షించండి అని దాని అర్థం. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వోల్టేజి ఉంటే, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఇంచుమించు అంతే ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. ఈ పరీక్షను మీరు స్వయంగా చేయవద్దు.

ఎర్త్ లేదని తేలితే ఇంటి యజమానికి వ్రాతపూర్వకంగా తెలియజేయండి. ఇది అద్దెదారు సౌకర్యం మాత్రమే కాదు, కట్టడం భద్రత అని వివరించండి. సరిచేసే వరకు మూడవ పిన్నును విరగగొట్టడం గాని, రెండు పిన్నుల అడాప్టరుతో సర్దుకొనడం గాని చేయకండి. ఉరుముల వేళ తీగలు విప్పి ఉంచడమే అప్పటి వరకు మీకున్న నిజమైన రక్షణ.

7. ఉరుము వినబడినప్పుడు

మన దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు బలవుతున్నారు. అందుచేత క్రమం ముఖ్యం. మబ్బు కమ్ముతున్నప్పుడే, ఉరుములు మొదలు కాకముందే, మొదట మోడెం ప్లగ్గు తీయాలి. తరువాత గదిలోని కోయాక్సియల్ తీగ మరను విప్పి పరికరానికి దూరంగా ఉంచాలి. ఒక దానిని విప్పి రెండవ దానిని మరచిపోతే ప్రయోజనం సగమే.

ఉరుములు మొదలైన తరువాత తీగలను తాకవద్దు. డిష్‌ను చూడటానికి మేడ ఎక్కవద్దు. ధ్వని కిలోమీటరు ప్రయాణించడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరుపు కనబడిన 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు 10 కిలోమీటర్లలోపు ఉన్నట్లే. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగి అప్పుడే తీగలు తిరిగి కలపాలి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ ఆప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలోని పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. దానిని ఫోనులో ఉంచుకోవడం మంచిది.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. మా ప్లగ్గులో ఎర్త్ ఉన్నదని ఎవరైనా పరీక్షించి చెప్పారా?
2. మా స్పైక్ గార్డు మీది రక్షణ దీపం వెలుగుతున్నదా?
3. మేడ నుంచి వచ్చే తీగ గోడలోనికి ప్రవేశించే చోట ఎర్త్‌కు కలిసి ఉన్నదా?
4. డిష్ గొట్టం, మెయిన్ బోర్డు ఒకే ఎర్తింగ్‌కు కలిసి ఉన్నాయా?
5. పెద్దవారు ఇంట లేని వేళ ఉరుము వస్తే ఏమి చేయాలో, ఏమి చేయరాదో పిల్లలకు తెలుసా?

ఈ అయిదింటిలో ఒక్కదానికి ‘లేదు’ అన్న సమాధానం వచ్చినా, వచ్చే వానకు ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.