పశునష్టమునకు ప్రభుత్వ సహాయము: అమెరికా యనుభవము నేర్పు పాఠము

పంట పోయిన రైతు మరుసటి కారున మరల విత్తవచ్చును. పశువులు చచ్చినచో పాడియు, దూడలును, ఎరువును నొక్కసారిగా పోవును. మందను మరల నిలుపుకొనుటకు ఏండ్లు పట్టును. ఇట్టి నష్టమునకు ప్రభుత్వమిచ్చు ధనము దయాధర్మమా, హక్కా యను విషయము సభ్యులు విచారింపదగినది. ఇందులకు అమెరికా సంయుక్త రాష్ట్రముల యనుభవమును మేమిచ్చట వివరించుచున్నాము.

ఆ దేశమున 2008వ సంవత్సరపు వ్యవసాయ చట్టము పశునష్టమునకు సహాయము నేర్పరచెను. దాని గడువు 2011 సెప్టెంబరు 30వ తేదీతో తీరెను. క్రొత్త చట్టము వెంటనే రాలేదు. ఇంతలో 2013 అక్టోబరు మొదటి వారమున దక్షిణ డకోటా పశ్చిమ భాగమున మొదట వానయు, పిమ్మట మంచు తుపానును విరుచుకొనిపడెను. పశువులింకను వేసవి బీళ్లలోనే యుండెను. చలికాలపు దట్టమైన బొచ్చు వానికి రాలేదు. తడిసిన మందలు గాలివాలున కొట్టుకొనిపోయి, వాగులలోను గుంటలలోను పడి, వేలకొలదిగ చచ్చెను. ఆయవ్యయ పట్టిక ఆమోదము పొందనందున అక్టోబరు 1వ తేదీ నుండియే కేంద్ర ప్రభుత్వపు కచేరీలనేకము మూతపడి యుండెను. చట్టమును లేదు, నష్టమును వ్రాసికొను గుమాస్తాయును లేడు.

అప్పుడు ముందుగా నాదుకొన్నవారు తోటి పశుపోషకులే. వారి సంఘములు విరాళముల నిధిని నెలకొల్పెను. ఇతర రాష్ట్రములవారు పెయ్యలను దానమిచ్చిరి. 2014 ఫిబ్రవరి 7వ తేదీని క్రొత్త చట్టము వచ్చి, ఈ సహాయమును శాశ్వతముగ నేర్పరచి, 2011 అక్టోబరు 1 నుండి జరిగిన నష్టములకును వర్తింపజేసెను. చచ్చిన పశువులకు లెక్కయు సాక్ష్యమును భద్రపరచుకొన్నవారికి ఆ చట్టము సులభముగ నుపకరించెను.

సహాయము రెండు ముఖ్య విధములు. మొదటిది, వాతావరణోపద్రవమున చచ్చిన పశువునకు సగటు బజారు వెలలో నూటికి 75 వంతులు. అయితే ఏటేట సహజముగ చచ్చు పశువుల సంఖ్యకు మించిన నష్టమునకే యిది చెల్లును. రెండవది, కరవున బీడు ఎండినచో మేతకై యిచ్చునది. కరవును నాలుగు మెట్లుగ విభజించి వారము వారము పటము ప్రకటింతురు. మేపుకాలమున జిల్లాలో నేభాగమైనను మూడవ మెట్టునకు చేరెనా, మూడు నెలల సహాయము; నాలుగవ మెట్టు నాలుగు వారములున్నచో అయిదు నెలలు. నెలకు లెక్కగట్టిన మేతవ్యయములో నూటికి 60 వంతులే యిత్తురు. ఇందలి సుగుణము, అర్హత యొకరి యిష్టాయిష్టములపై గాక పటముపై నాధారపడుట. లోపము, ధనము నష్టము వెనుక వచ్చుట. ఆకలిగొన్న పశువునకు నేడు గడ్డి కావలయును గదా.

మన దేశమునను విపత్తు సహాయ నిధి కలదు. 2022-23 మొదలు 2025-26 వరకు నిర్ణయించిన నియమముల ప్రకారము పాడి ఆవునకు గాని గేదెకు గాని 37,500 రూపాయలు, గొఱ్ఱెకు గాని మేకకు గాని 4,000 రూపాయలు. పెద్ద పాడి పశువులు ఎన్ని పోయినను కుటుంబమునకు మూడింటికే సహాయము. అధికారి ధ్రువీకరణ యవసరము.

కావున సభ్యులు చేయవలసిన పనులివి. ప్రతి పశువునకును చెవిపోగు వేయించి, దాని సంఖ్యను, ఈడును, ఈతలను పుస్తకమున వ్రాయవలెను. నకలును సంఘ కార్యాలయమున నుంచవలెను. పశువు చచ్చినచో పూడ్చుటకు ముందే ఛాయాచిత్రము తీయించి, పశువైద్యుని పత్రము పొందవలెను. పరిమితికి మించిన పశువులకు భీమా చేయించవలెను. సంఘము గడ్డివామిని, చిన్న నిధిని సిద్ధముగ నుంచవలెను.

చట్టముండిననే సహాయము హక్కగును. సాక్ష్యముండిననే హక్కు చేతికి వచ్చును. అది వచ్చులోపల నిలువబెట్టునది సంఘబలమే.