రెక్కలా? గుడ్లా?

పచ్చగా కళకళలాడే వరిచేను కొద్ది రోజుల్లోనే అక్కడక్కడ సుడులు సుడులుగా ఎండిపోవడం మీరు చూసే ఉంటారు. రైతులు దీన్ని దోమపోటు అంటారు. దీనికి కారణం సుడిదోమ. పేరుకు దోమే గాని ఇది మనల్ని కుట్టే దోమ కాదు. బియ్యపు గింజకంటె చిన్నదైన ఈ గోధుమరంగు పురుగు, వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది.

ఈ పురుగుల్ని దగ్గరగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. కొన్నిటికి ఒంటిని దాటే పొడవైన రెక్కలుంటాయి. అవి ఎగరగలవు. మరి కొన్నిటి రెక్కలు పొట్టివి. అవి ఎగరలేవు. అయినా రెండూ ఒకే జాతి!

పొడవు రెక్కలవి ఎంత దూరం పోగలవో తెలుసా? 1967లో జపానుకు దక్షిణంగా సుమారు 500 కిలోమీటర్ల దూరాన, నడిసముద్రంలో ఉన్న ఒక వాతావరణ పరిశీలక నౌక మీద ఈ జాతి పురుగులు గుంపులుగా వాలాయి. అవి గాలివాటున సముద్రం దాటుతున్నాయన్నమాట.

మరి ఎగరలేనివి నష్టపోయినట్లేనా? లెక్క వేసి చూద్దాం. ఎగరాలంటే పెద్ద రెక్కలు, వాటిని ఆడించే బలమైన కండరాలు, ఇంధనంగా కొవ్వు కావాలి. గుడ్లు తయారు కావడానికీ మాంసకృత్తులు, కొవ్వు కావాలి. వచ్చే ఆహారం మాత్రం ఒకటే – వరి రసం. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదు కదా! అందుకే పొట్టి రెక్కల ఆడపురుగు త్వరగా గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, ఎక్కువ గుడ్లూ పెడుతుంది. పొడవు రెక్కలది దూరం పోతుంది గాని, గుడ్ల విషయంలో వెనుకబడుతుంది.

ఏ రెక్కలు రావాలో నిర్ణయించేదేమిటి? ఇన్సులిన్ పేరు మధుమేహం సందర్భంలో మీరు విని ఉంటారు. పురుగుల్లోనూ అటువంటి పదార్థాలున్నాయి. వాటి సందేశాన్ని అందుకునే గ్రాహకాలు సుడిదోమలో రెండున్నాయి. ఒకటి రెక్కల్ని పొడవుగా పెంచుతుంది. రెండవది దానికి కళ్లెం వేస్తుంది. 2015లో చైనా శాస్త్రజ్ఞులు ఈ సంగతి కనుగొన్నారు. రెండవదాని జన్యువును పనిచేయకుండా చేస్తే, పిల్లపురుగులు పొడవు రెక్కలతో పెరిగాయి.

జన్యువులతోపాటు పరిసరాలకూ ఇందులో పాత్ర ఉంది. లేతచేలో, తిండి పుష్కలంగా ఉన్నప్పుడు పొట్టి రెక్కలవి ఎక్కువగా పుడతాయి. పైరు ముదిరి, పురుగులు కిక్కిరిసిపోతే పొడవు రెక్కలవి పెరిగి, కొత్త చేలు వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. అంటే ఏ రెక్కలు మేలన్నది చేను పరిస్థితిని బట్టి ఉంటుంది.

మీరే చూడండి: పెద్దల తోడుతో, మందు చల్లని వరిచేనుకు వెళ్లండి. ఒక దుబ్బును కొంచెం వంచి మొదట్లో తట్టండి. నీటి మీద పడిన పురుగుల్లో ఏ రెక్కలవి ఎన్నో లెక్కపెట్టండి. పొట్టి రెక్కల ఆడపురుగులు ఎక్కువగా ఉంటే, ఆ పురుగు అక్కడే కాపురం పెట్టి సంతానాన్ని పెంచుకుంటోందని గుర్తు. సుడులు కనిపించకముందే ఆ సంగతి రైతుకు చెప్పండి. అప్పుడు మీ లెక్క ఒక చేనును కాపాడవచ్చు!