షిఫ్టు డ్యూటీలో ప్రార్థన

సూళ్లూరుపేట

చిరంజీవి బుజ్జమ్మకు,

శ్రీసిటీలో ఫ్యాక్టరీ పనికి చేరినప్పటి నుంచి ఏకాంత ప్రార్థన కుదరడం లేదనీ, ఆదివారాలు కూడా డ్యూటీ పడుతోందనీ, దేవుడికి దూరమైపోయాననీ ఏడ్చావట. మీ అమ్మ చెప్పింది. నిజంగా దూరమైనవాళ్లకు ఆ ఏడుపు రాదు తల్లీ.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున లేచి, మోకరించి, రెండు అధ్యాయాలు చదివాకే కాఫీ తాగేదానివి. మంచి అలవాటే. కానీ ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పనిచేసే మనిషికి తెల్లవారుజాము ఎక్కడుంటుంది? రాత్రంతా నిలబడి, కంపెనీ బస్సులో తూగుతూ వచ్చి, మళ్లీ గంటసేపు మోకాళ్ల మీద ఉండలేకపోయానని కుమిలిపోకు. నిద్రపో. నిద్ర కూడా ఆయన ఇచ్చిందే.

నెహెమ్యాను చూడు. రాజుగారికి ద్రాక్షారసం అందించే కొలువు. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని తెలిసి రోజుల తరబడి ఉపవాసముండి ప్రార్థన చేశాడు. తర్వాత ఒకరోజు రాజు, నీకేం కావాలని అడిగాడు. ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య నెహెమ్యా ఇంకో ప్రార్థన చేశాడు. ఎదురుగా రాజు. మోకరించడానికి లేదు, కళ్లు మూసుకోవడానికి లేదు. ఆ ప్రార్థనలో ఏమన్నాడో కూడా రాయలేదు, చేశాడని మాత్రం ఉంది. రెండో అధ్యాయం తీసి చదువు. నాకు ఆ చిన్న ప్రార్థనంటే ప్రాణం. నీ లైన్లో నీకు కావలసింది అదే. ఫోను లాకర్లో పెట్టి తాళం వేస్తావు కదా, ఆ నిమిషం ఆయనది అనుకో. టోపీ పెట్టుకుంటూ పక్క పిల్లల పేర్లు తలచుకో. సూపర్‌వైజరు కసిరినప్పుడు, నోరు తెరిచే ముందు ‘ప్రభువా’ అను చాలు.

మన సంఘంలో చేపలమ్మే ఆమె తెలుసుగా, బజార్లో కూర్చుంటుంది. అక్షరం రాదు. ఒకసారి రొయ్యల కోసం వెళ్లి పక్కనే కూర్చున్నా. కత్తిపీట మీద చేప పొలుసు గీకుతూ పెదవులు కదుపుతోంది. ఏమిటంటే, ఒక్కో చేపకు ఒక్కో ఇంటిని జ్ఞాపకం చేసుకుంటోందట. మీ అమ్మ ఆపరేషను, పాస్టరుగారి అబ్బాయి చదువు, కొడుకు తాగుడు. బేరగాళ్లు వచ్చి అడిగితే ధర చెబుతుంది, తూకం వేస్తుంది, మళ్లీ మొదలు. ఆ తూకం ఎప్పుడూ నిక్కచ్చిగానే ఉంటుంది. ఆ తూకానికీ ఆ ప్రార్థనకూ సంబంధం ఉందని నా నమ్మకం.

ఇలా పనిలో ప్రార్థించడం మన దగ్గర కొత్తేమీ కాదు. 1865లో జర్మన్ మిషనరీ మైలియస్ ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టినప్పుడు, ఆయన తొలి కేంద్రాల్లో మన సూళ్లూరుపేట ఒకటి. ఆ రోజుల్లో తెలుగు పల్లెల్లో సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లే. వాళ్ల పొద్దు వాళ్ల చేతిలో లేదు, నీలాగే. 1912లో దోర్నకల్ బిషప్పయిన అజరయ్యగారికి ఇది బాగా తెలుసు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడాయన. తన పల్లెల్లో రోజూ సాయంత్రం, కూలి నుంచి వచ్చాక అందరూ కలిసి ప్రార్థన చేసే పద్ధతిని బలపరిచాడు. చదువురానివాళ్లు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పాటలు విని విని కంఠతా పట్టారు. అలా నోటికి వచ్చినవి కలుపు తీసేటప్పుడూ వెంట ఉంటాయి. నువ్వూ వారానికి నాలుగు వచనాలు కంఠతా పట్టు. లోపలికి ఫోను రానివ్వరు, వచనం రాకుండా ఎవరు ఆపుతారు?

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే వాగ్దానం చదివి, బస్సులో చెవుల్లో పెట్టుకుని ఒక ప్రసంగం వింటే అయిపోయిందనుకోకు. వినడం మంచిదే. కానీ ఆ ప్రసంగీకుడికి నీ పేరు తెలియదు, నీకు జ్వరమొస్తే రాడు. ప్రభువు బల్ల ఫోనులో అందదు. ఆదివారం కుదరకపోతే సెలవు పడిన రోజు స్త్రీల కూడికకు రా, పాస్టరమ్మగారితో నేను మాట్లాడతాను. నెలకు ఒక్క ఆదివారమైనా ఖాళీ కావాలని డ్యూటీలు వేసేవాళ్లను ముందుగానే అడుగు. అడగడంలో తప్పేముంది? నెహెమ్యా సాక్షాత్తు రాజునే సెలవడిగాడు.

నీ గదిలో శ్రీకాకుళం పిల్ల ఉందని చెప్పావు. ఇల్లు గుర్తొచ్చి రాత్రుళ్లు ఏడుస్తుందన్నావు. నీ ప్రార్థనకు టైము లేని రోజున కూడా ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చో, తినిందో లేదో కనుక్కో. ఈసారి సెలవుకు వచ్చేటప్పుడు వెంటబెట్టుకురా. చేపల పులుసు చేసి పెడతాను.

మీ పెద్దమ్మ