సైకిలు మెడ

అనంతపురము జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువగా కుందుర్పి యను గ్రామము కలదు. కొండపై పాతకోట, కొండక్రింద ఎఱ్ఱనేల, ఆ నేలపై వేరుసెనగ పైరు ఆ ప్రాంతపు గుర్తులు. జిల్లాలో ఏడాదికి సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన తక్కువైనచోట దుమ్ము ఎక్కువ. ఆ దుమ్మునకును ఈ పాఠమునకును సంబంధము కలదు.

అచ్చటి సైకిలు అంగడిలో ఒక ఉదయము జరుగు పనిని మనస్సున ఊహించుకొందము. ఒక బాలుడు తన తండ్రి సైకిలును నడిపించుకొని వచ్చినాడు. తండ్రి దానిపై ఏండ్ల తరబడి వేరుసెనగ మూటలను, పశువుల మేతను మోసినాడు. ఇకమీదట బాలుడు చెల్లెలిని వెనుక కూర్చుండబెట్టుకొని దానిపైననే పొరుగూరి బడికి పోవలెను. కాని చక్రము తిన్నగా నిలిచినప్పుడు హ్యాండిలు ఏదో గాడిలో పడినట్లు ఆగిపోవుచున్నది. ప్రక్కకు త్రిప్పబోయిన మొరాయించి, పిదప తటాలున తిరుగుచున్నది. బాలుని చేతిలోని కాగితపు పొట్లములో క్రొత్త హెడ్ సెట్టు ఉన్నది.

"మామా! పాతది తీసి ఇది వేసిన చాలునని మా నాయన చెప్పినాడు."

"వేయుట ఎంతసేపురా అబ్బీ! అది సరిగా కూర్చుండుటలోనే ఉన్నది పని" అని మేస్త్రీ సైకిలును స్టాండుపై నిలిపినాడు.

సైకిలు చట్రమునకు ముందువైపున పొట్టి గొట్టము ఒకటి నిలువుగా నుండును. అదియే సైకిలు మెడ. ముందుచక్రమును పట్టియుండు ఫోర్కు కాడ ఈ గొట్టము గుండా పైకి వచ్చి హ్యాండిలును చేరును. గొట్టపు పైమూతిలో ఒక కప్పు, క్రిందిమూతిలో ఒక కప్పు, ఫోర్కు భుజముపై ఒక కోను, కాడకు పైన మరచుట్లపై దిగు మరియొక కోను, వీని నడుమ ఉక్కు గుండ్లు, అన్నిటిపైన బిగింపు నట్టు. వీనినన్నిటిని కలిపి హెడ్ సెట్టు అందురు.

ఇంత చిన్న వస్తువుపై ఎంత ఆధారపడియున్నదో తెలియుటకు రెండు శతాబ్దులు వెనుకకు పోవలెను. 1817లో జర్మనీలోని మన్ హైం నగరమున కార్ల్ డ్రైస్ అనునతడు రెండు చక్రముల కొయ్య బండినెక్కి, కాళ్లతో నేలను తన్నుచు నడిపెను. దానికి పెడళ్లు లేవు, గొలుసు లేదు. కాని ముందుచక్రము ఇటునటు తిరుగును. అందువలననే అది పడక నిలిచెను. సైకిలు ఎడమకు ఒరిగినప్పుడు నడుపువాడు తనకు తెలియకుండగనే చక్రమును కొంచెము ఎడమకు త్రిప్పును. చక్రము బరువు క్రిందికి వచ్చి బండిని నిలుపును. కుడికి ఒరిగినను అంతే. మెడ బిగిసిపోయిన సైకిలును ఎంతటి నేర్పరియు చక్కగా నడుపజాలడు. చెల్లెలు వెనుక కూర్చున్నప్పుడు సంగతి చెప్పనేల?

గుండ్ల బేరింగులకు జూల్ సురిరే అను ఫ్రెంచివాడు 1869లో పేటెంటు పొందెను. ఆ సంవత్సరము నవంబరు 7న పారిస్ నుండి రువాన్ నగరమునకు జరిగిన సుమారు 120 కిలోమీటర్ల పందెమున గెలిచిన జేమ్స్ మూర్ సైకిలుకు అట్టి బేరింగులే ఉండెను.

మేస్త్రీ మొదట హ్యాండిలు కాడ నడుమనున్న పొడుగు బోల్టును నాలుగు చుట్లు వదులుచేసి, దాని తలపై చెక్క ఉంచి తట్టినాడు. లోపలి బిగింపు వదలి హ్యాండిలు ఊడివచ్చినది. నట్టును, పైకోనును విప్పి ఫోర్కును క్రిందికి దింపినాడు. క్రిందికప్పులో గ్రీజు జాడ లేదు, ఎఱ్ఱమన్ను గట్టిపడియున్నది. ముందుచక్రము చిమ్మిన దుమ్ము మొదట చేరునది అచ్చటికే. బాటలోని దెబ్బలన్నియు తగులునదియు అచ్చటనే. మన్ను తుడువగా కప్పులో వరుసగా చిన్న చిన్న గుంటలు కనబడినవి.

రాళ్లబాట దెబ్బలకే గుంటలు పడినవని పలువురు తలతురు. అది సగము నిజము. తిన్నగా పోవునప్పుడు హ్యాండిలు ఇంచుమించు కదలదు. గుండ్లు ఉన్నచోటనే ఉండి, అదురునకు వెండ్రుకవాసి ఊగులాడును. ఆ ఊగులాటకు వాని క్రింది గ్రీజు తొలగిపోవును. ఉక్కును ఉక్కు ఒరసి గుంటలగును. తరువాత గుండ్లు ఆ గుంటలలోనే దిగి కూర్చుండును. హ్యాండిలు గాడిలో పడినట్లు తోచుటకు కారణమిదే. గుండ్లు మాత్రమే మార్చిన లాభము లేదు, గుంటలు అట్లే ఉండును గనుక.

పాత కప్పులను ఊడదీయుటకు మేస్త్రీ గొట్టము రెండవ మూతి నుండి కడ్డీ దూర్చి, కప్పు అంచును ఒకమారు ఈవల, ఒకమారు ఆవల తట్టినాడు. పిదప క్రొత్త సెట్టులోని పైకోనును ఫోర్కు కాడపై చేతితో త్రిప్పి చూచినాడు. అది హాయిగా దిగినది. ఈ పరీక్ష తప్పక చేయవలెను. సాధారణముగా ఒక అంగుళపు కాడపై అంగుళమునకు 24 మరచుట్లుండును. ఇంగ్లండులోని రాలీ సంస్థ తన సైకిళ్లకు 26 పెట్టెను. చూచుటకు రెండును ఒక్కటే. ఒకదానిపై ఒకటి బలవంతముగా బిగించినచో మరలు నశించును, కాడయే పాడగును.

అంతలో అంగడిలో పని నేర్చుకొను కుఱ్ఱవాడు పైకప్పును గొట్టపు మూతిపై పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసినాడు. మేస్త్రీ చేయి పట్టుకొన్నాడు. "చూడుము" అని కప్పు అంచున గోరు పెట్టి చుట్టును త్రిప్పినాడు. ఒకవైపు గోరు ఆగినది. ఎదుటివైపు సందులో దూరినది. కప్పు వంకరగా దిగుచున్నది. అట్లే కొట్టినచో కప్పు తిన్నబడదు సరికదా, గొట్టపు మూతియే సాగి కోలగా మారును. కప్పు చెడిన మరియొకటి కొనవచ్చును. చట్రపు మూతి చెడినచో తండ్రి సైకిలు మూలపడినట్లే.

కప్పును వెలికి తీసి చూడగా గొట్టపు అంచున పాత రంగు పెళ్లు కట్టియున్నది. మేస్త్రీ దానిని గీకివేసి, అంచును సన్నని ఆకురాయితో మెల్లగా సమము చేసినాడు. మెడగొట్టపు రెండు మూతులును ఒకదానికొకటి సమాంతరముగా ఉండవలెను. లేనిచో పైగుండ్లు ఒకచోట నలుగును, వేఱొకచోట ఊరక తిరుగును. హ్యాండిలు ఒకవైపు బిగువుగాను, మఱియొకవైపు వదులుగాను ఉండును. ఎంత సవరించినను ఆ దోషము పోదు.

కప్పు వెలుపలి కొలత గొట్టపు లోపలి కొలతకంటె 0.1 నుండి 0.25 మిల్లీమీటర్ల వరకు ఎక్కువగా ఉండవలెను. ఆ స్వల్పభేదమే దానిని పట్టియుంచును. కప్పు వదులైనచోట రేకుముక్క చుట్టి దించుట కలదు. అది కొన్నాళ్ల ముచ్చటయే.

ఈ మారు మేస్త్రీ సుత్తిని ముట్టలేదు. పొడవునా మరచుట్లు గల కడ్డీని గొట్టములో దూర్చి, రెండు కొనల మందపాటి ఇనుపబిళ్లలు, నట్లు ఉంచి, స్పానరుతో కొంచెము కొంచెముగా బిగించినాడు. క్రిందికప్పు మొదట, పైకప్పు పిమ్మట. సగము దిగగనే ఆపి, చుట్టును చూచి మరల బిగించినాడు. కుఱ్ఱవాడు గోరుతో తడవి చూచినాడు. ఎచ్చటను సందు లేదు. ఫోర్కు భుజముపై కోనును దించుటకు, కాడపై సరిపడు గొట్టపుముక్కను తొడిగి దానిని తట్టిరి. అట్లైన దెబ్బ చుట్టును సమముగా తగులును.

కప్పులలో గ్రీజు నిండుగా పెట్టి గుండ్లు పేర్చిరి. ఇట్టి సెట్లలో గుండు సాధారణముగా అంగుళములో ముప్పదిరెండవ వంతులు అయిదు, అనగా దాదాపు 4 మిల్లీమీటర్లు ఉండును. కప్పులో గుండ్లను క్రిక్కిఱిసి పేర్చరాదు; అవి కదలుటకు కొంచెము చోటు మిగులవలెను.

ఇక బిగింపు. పైకోనును చేతితో ఆనునంతవరకు త్రిప్పి, వాషరు వేసి, కోనును ఒక స్పానరుతో కదలనీయక నట్టును వేఱొక స్పానరుతో బిగించినాడు. హ్యాండిలును ఎక్కించి ముందు బ్రేకు పట్టి సైకిలును ముందువెనుకలకు ఊపగా వ్రేలికి చిన్న తట్టు తగిలినది: వదులు. నట్టు విప్పి కోనును కొంచెము దించి మరల బిగించినాడు. తట్టు పోయినది. కాని ముందుచక్రమును పైకెత్తి సైకిలును ప్రక్కకు వంచగా హ్యాండిలు నడుమనే నిలిచిపోయినది: బిగువు. మూడవమారు తట్టును లేదు, చక్రమును తనంతట తానే ఇరువైపులకు వాలినది.

"నాలుగు దినములు తొక్కి తీసికొని రమ్ము. కప్పులు ఒదుగును" అని మేస్త్రీ చెప్పినాడు.

అయిదవ దినమున బాలుడు వచ్చినాడు. వెనుక చెల్లెలు కూర్చుండియున్నది. బ్రేకు పట్టి ఊపగా మరల సన్నని తట్టు. మేస్త్రీ కోనును ఒక చుట్టులో ఎనిమిదవ వంతైనను కాకుండ దించి, నట్టు బిగించి, చక్రమెత్తి వంచి చూచినాడు. అది కుడికి వాలినది, ఎడమకు వాలినది.