వెన్నుపాముకు దెబ్బ: వాపు తగ్గితే కాళ్లు వస్తాయా?

చింతచెట్టెక్కి కాయలు దులిపే మన పావగడ తాలూకాలో వెన్ను దెబ్బ తెలియని సంగతి కాదు. క్యాతగానచెర్లులో నన్ను అడిగేది ఒకటే: “హకీమ్ సాబ్, వాపు తీసే తైలం ఏదైనా ఇవ్వండి, కాళ్లు వస్తాయేమో.”

వెన్నుపామును యునానీలో నుఖా అంటారు, వాపును వరమ్ అంటారు. ఈ రెండో మాటకు తెలుగులో అర్థం వేరు గానీ, వాపు పూర్తిగా చెడ్డదీ కాదు. దెబ్బ తగిలిన చోటికి తెల్లకణాలు కొన్ని గంటల్లోనే చేరతాయి. రెండు మూడు రోజులకు మరో రకం కణాలు వచ్చి చచ్చినవాటిని ఊడ్చేస్తాయి. ఆ పని జరగాల్సిందే. చిక్కేమిటంటే, చీలమండ బెణికితే బయటికి ఉబ్బుతుంది. వెన్నుపాము ఎముక గొట్టంలో ఉంది, ఉబ్బడానికి చోటు లేదు. లోపలే నొక్కుకుని, రక్తం అందక, దెబ్బ తగలని నరాలు కూడా చస్తాయి. ఊడ్చే కణాలూ హద్దు దాటి మంచివాటిని పాడుచేస్తాయి.

కాబట్టి పడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టకండి, ఆటోలో వంచి కుక్కకండి. మెడ, వెన్ను కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. కదపక తప్పకపోతే నలుగురు కలిసి, దుంగను దొర్లించినట్టు ఒకేసారి తిప్పి బల్ల మీదికి చేర్చాలి. ఎముక నొక్కుతుంటే 24 గంటల్లోపు ఆపరేషన్ చేసి ఆ ఒత్తిడి తీయడం మేలంటారు. బెంగళూరు నిమ్హాన్స్ వంటి చోటికి త్వరగా చేరడమే అసలైన వాపు మందు.

మరి ఇంజెక్షన్? 1990లో అమెరికాలో ఒక పెద్ద పరిశీలన వచ్చాక మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను 8 గంటల్లోపు పెద్ద మోతాదులో ఇవ్వడం చాలా దేశాల్లో వాడుకైంది. లాభం కన్నా చీము పట్టడం, కడుపులో రక్తం కారడం వంటి నష్టాలు ఎక్కువని 2013లో అక్కడి నరాల శస్త్రవైద్యుల సంఘాలే వద్దన్నాయి. కొందరు డాక్టర్లు ఇప్పటికీ ఇస్తారు. అది వారు రోగిని చూసి తేల్చవలసినది.

మా ముహల్లిల్ మందులు, అంటే గట్ల మీది కామంచి, బాబూనా వంటివి, పైవాపులకు నేనూ వాడతాను. అవి పూస్తే తెగిన నరం అతకదు. పసుపు సారం ఎలుకల్లో ఈ వాపు తగ్గించిన మాట నిజమే, మనుషులకు కాళ్లు తెప్పించిన రుజువు లేదు. ఆ పేరు చెప్పి వేలు గుంజేవారిని గడప తొక్కనివ్వకండి.

ఇంటికి తెచ్చాక, స్పర్శ లేని కాళ్లకు వేడి నూనె, కాపడం, హిజామా వద్దు. కాలినా తెలియదు. ఒక కాలే ఉబ్బితే మాలిష్ ఆపి డాక్టరుకు చూపండి, లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, పిరుదులు, మడమలు రోజూ చూడాలి. పుండ్లు, మూత్రంలో చీము, తరువాత ప్రాణం తీసేవి ఇవే.

నరం పూర్తిగా తెగనివారిలో శక్తి తిరిగి రావడం ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. ఆ రోజుల్లో వ్యాయామం మాన్పించి తైలాల వెంట తిరగకండి. డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి కూడా చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. 1966లో వేలూరు సీఎంసీలో ఇలాంటి రోగుల కోసం పునరావాస కేంద్రం మొదలైంది ఆమె వల్లనే.

రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నవారు నా దగ్గరికి మాజూన్ కోసం వచ్చేటప్పుడు డాక్టరు చీటీ కూడా తెండి.