మైళ్ల మూట

నిజాంసాగరు ఆయకట్టు కింద వరి పండించే బాన్సువాడ ప్రాంతానికీ విమానయానానికీ సంబంధమేమిటని పైపైన చూసేవారికి అనిపించవచ్చు. 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలోను, అటు తరువాత కామారెడ్డి జిల్లాలోను భాగమైన ఈ ప్రాంతపు పల్లెలలో గల్ఫ్ దేశాలకు పోయివచ్చిన కొడుకో, అల్లుడో, తమ్ముడో ఉన్న కుటుంబాలు అనేకం. దుబాయి అన్నది ఇక్కడ ఒక నగరం పేరు మాత్రమే కాదు. అది బ్రతుకుతెరువుకు పర్యాయపదం. ఆ తరువాతి తరంలో చదువుకున్నవారు కొందరు అమెరికాకు చేరారు. ఇద్దరూ శంషాబాదులోనే విమానమెక్కుతారు. కాని టికెట్టు కొనే తీరులో వారి మధ్య గొప్ప వ్యత్యాసం ఉంది. గల్ఫ్ కార్మికుడు ధర చూసి కొంటాడు. అమెరికాలోని ఉద్యోగి ఐదారు వేల రూపాయలు తక్కువకు దొరికే టికెట్టును సైతం కాదని, నడిమి విమానాశ్రయంలో మరి నాలుగు గంటలు కూర్చోవలసి వచ్చినా సరే, తాను ఎప్పుడూ వెళ్లే సంస్థనే ఎన్నుకొంటాడు. ఈ పట్టుదలకు కారణమేమిటి?

మన కావ్యాలలో చాతక పక్షి ఉంది. చెరువులు నిండి ఉన్నా అది మేఘం నుండి జారే చినుకునే ఆశిస్తుందని కవిసమయం. విమాన ప్రయాణికుని విధేయతను చూసి చాతకాన్ని తలచుకోవడం సహజమే గాని, ఆ పోలిక ఎక్కువ దూరం నిలవదు. చాతకం లెక్క కట్టదు. ప్రయాణికుడు ప్రతి ప్రయాణం తరువాత లెక్క చూసుకొంటాడు.

ఆ లెక్కకు పుట్టినిల్లు అమెరికా. అక్కడ 1978 వరకు విమాన ఛార్జీలను ప్రభుత్వమే నియంత్రించేది. ధరలు సమానమైనచోట సంస్థలకు బేరంతో పనిలేదు. ఆ ఏడాది చట్టం మారి పోటీకి తలుపులు తెరుచుకోగానే, ఖాతాదారుని నిలుపుకోవడం ఎట్లా అన్న ప్రశ్న పుట్టింది. 1981 మే 1వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 'అడ్వాంటేజ్' అనే పథకాన్ని ప్రకటించింది. ప్రయాణించిన ప్రతి మైలునూ సభ్యుని పేర జమకట్టి, నిర్ణీత సంఖ్య చేరగానే ఉచిత టికెట్టు ఇవ్వడం దాని సారాంశం. కొద్ది రోజులలోనే యునైటెడ్ సంస్థ తన పథకంతో ముందుకు వచ్చింది. మన దేశంలో 1953 నాటి చట్టం ప్రకారం విమానయానం ప్రభుత్వ సంస్థల గుత్తాధిపత్యంలో ఉండేది. ఆ చట్టం 1994లో రద్దయింది. వేరొక గడప లేనివానిని నిలుపుకోవలసిన అవసరం ఎవరికుంటుంది? పోటీ వచ్చిన తరువాతనే మనకు మైళ్లూ వచ్చాయి.

ఉచితంగా ఇస్తే సంస్థకు నష్టం కాదా అని మీరు అడగవచ్చు. సంత ముగిసే వేళకు మిగిలిపోయిన ఆకుకూరను గుర్తుకు తెచ్చుకోండి. తెల్లవారితే దానికి విలువ లేదు. విమానంలోని ఖాళీ సీటు అంతకన్నా అల్పాయుష్కమైనది. విమానం నేల విడిచిన క్షణాననే అది వ్యర్థమవుతుంది. అట్టి సీటును బహుమానంగా ఇవ్వడంలో సంస్థ పోగొట్టుకొనేది స్వల్పం, సంపాదించుకొనేది అధికం.

అసలు విశేషం ఇక్కడ ఉంది. ఊరిలో కిరాణా దుకాణంలో ఖాతా ఉన్న కుటుంబం సరుకుల కోసం ఇంకో దుకాణానికి పోవడానికి సంకోచిస్తుంది. బాకీ ఉన్నది గనుక మొగమాటం. అప్పు తీసుకొన్నవాడు అప్పిచ్చినవానికి కట్టుబడి ఉండటం లోకరీతి. మైళ్ల ఖాతాలో ఈ రీతి తలక్రిందులవుతుంది. బాకీపడినది విమాన సంస్థ, రావలసినది ప్రయాణికునికి. అయినా కట్టుబడినవాడు ప్రయాణికుడే! నలభై వేల మైళ్లు ఒక సంస్థ వద్ద ఉన్నవాడు మరొక సంస్థలో ప్రయాణిస్తే, ఆ నలభై వేలూ అక్కడే ఆగిపోతాయి. వాటిని వెంట తీసుకొనిపోలేడు, అంగడిలో మార్చుకోలేడు. తన గతమంతా ఒకచోట కుదువ పెట్టినట్లుంటుంది అతని పరిస్థితి.

దీనికి మనస్తత్వం కూడ తోడవుతుంది. నూనెస్, డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన పరిశీలన ఒకటి ప్రసిద్ధమైనది. కార్లు కడిగే ఒక కేంద్రంలో 300 మందికి కార్డులు పంచారు. సగం మందికి ఎనిమిది ముద్రలు పడవలసిన కార్డు. మిగిలిన సగం మందికి పది ముద్రలు పడవలసిన కార్డు, కాని అందులో రెండు ముద్రలు ముందే వేసి ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవలసినది ఎనిమిదిసార్లే. అయినప్పటికీ మొదటి వర్గంలో 19 శాతం మంది, రెండవ వర్గంలో 34 శాతం మంది కార్డును పూర్తి చేశారు. ఇప్పటికే కొంత దూరం నడిచామన్న భావన అంత బలమైనది. కొత్త సభ్యునికి చేరగానే కొన్ని మైళ్లు కానుకగా వేయడంలోని మర్మం ఇదే.

మైళ్లకు పైన మెట్లు ఉన్నాయి. ఎమిరేట్స్ సంస్థ 2000లో ప్రారంభించిన 'స్కైవార్డ్స్' పథకంలో నీలం తరువాత వెండి, బంగారం, ప్లాటినం అని శ్రేణులు. మెట్టు ఎక్కినవానికి వేరు వరుస, విశ్రాంతి మందిరం, అదనపు సామాను. నిర్ణీత కాలంలో మళ్లీ అన్ని ప్రయాణాలు చేయకపోతే మెట్టు దిగవలసిందే. మైళ్ల కన్నా ఈ మెట్టే మనుషులను గట్టిగా పట్టుకొంటుందని నా అభిప్రాయం. ఉచిత టికెట్టు కోసం ఓపిక పట్టగలవాడు కూడ, నలుగురి ముందు పొడవైన వరుసలోకి తిరిగి వెళ్లడానికి ఓర్చుకోలేడు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. తరచుగా ప్రయాణించేవారిలో చాలామందికి టికెట్టు కొనేది వారు పనిచేసే కంపెనీ. మైళ్లు చేరేది మాత్రం వారి సొంత ఖాతాకు. ఒకరి సొమ్ముతో సత్రం కట్టి, పుణ్యం తాను మూటకట్టుకొన్నట్లుగా ఉంటుంది. అట్టి స్థితిలో చౌక టికెట్టును వెదకవలసిన ఆవశ్యకత ఎవరికుంటుంది? ప్రభుత్వోద్యోగులు అధికారిక ప్రయాణాలలో సంపాదించిన మైళ్లను అధికారిక ప్రయాణాలకే వినియోగించాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన విధించినది ఇందువల్లనే.

సంస్థ ఉన్నంతవరకే బాకీకి విలువ. కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో ఆగిపోయినప్పుడు దాని సభ్యులు కూడబెట్టిన మైళ్లు కాగితం మీది అంకెలయ్యాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న నిలిచిపోయింది. దాని మైళ్ల పథకం వేరే కంపెనీ చేతిలో ఉన్నందున పేరు మార్చుకొని బ్రతికింది గాని, ఏ విమానం కోసం వాటిని దాచుకొన్నారో ఆ విమానం లేదు. 2024 నవంబరులో విస్తారా, ఎయిర్ ఇండియాలో విలీనమైనప్పుడు మాత్రం సభ్యుల ఖాతాలు కొత్త ఇంటికి చేరాయి. సంస్థ బ్రతికి ఉన్నా, ఒక టికెట్టుకు ఎన్ని మైళ్లు కావాలో నిర్ణయించేది అదే. నిన్న ముప్పై వేలకు వచ్చినది రేపు నలభై వేలు కావచ్చు. ఆ బాకీయే సంస్థకు ఆస్తి కావడం మరొక వింత. కరోనా వ్యాధి వల్ల విమానాలు నిలిచిన 2020లో యునైటెడ్ సంస్థ తన మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి సుమారు 680 కోట్ల డాలర్లు సమకూర్చుకొంది. బ్యాంకులు తమ క్రెడిట్ కార్డుల కోసం మైళ్లను టోకున కొంటాయి కనుక, ఎగరని విమానాల కన్నా ఆ పథకమే విలువైనదిగా కనిపించింది.

ఇక గల్ఫ్ కార్మికుని సంగతి. అతడు రెండేళ్లకొకసారి ఇంటికి వస్తాడు. ఆ వచ్చే ఏడాది టికెట్టు ఒక సంస్థది, తరువాతిది మరొకటి. చౌక టికెట్టుకు మైళ్లు కొద్దిగానే పడతాయి. చాలా పథకాలలో వాటికి కాలపరిమితి ఉంటుంది. ఉచిత టికెట్టుకు చాలినన్ని చేరేలోగా మొదటివి మురిగిపోతాయి. తరచుగా ఎగిరేవాని కోసం అల్లిన పథకంలో అరుదుగా ఎగిరేవానికి చోటు లేదు. కనుక అతడు ఏ సంస్థకూ కట్టుబడడు. కట్టుబడకపోవడమే అతనికి లాభం. టికెట్ల ఏజెంటు ఎదుట కూర్చున్నప్పుడు అతడు అడిగేవి మూడే ప్రశ్నలు: ధర ఎంత, సామాను ఎన్ని కిలోలు, పండుగ నాటికి ఇంటికి చేరుతానా.